మొహమాటం లేని మండలం

అమలాపురం చేనేత విక్రయశాలలో ముత్యాలరావుది ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. ఇన్నేళ్ళలో అతను నేర్చిన విద్య ఒక్కటే. చీర ముందు కూర్చున్న మనిషి మనసులో ఏముందో, ఆ మనిషి నోరు విప్పకముందే తెలుసుకోవడం. అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపిందంటే కొంటుంది. "చాలా బాగుందండీ" అంటూ అరచేత్తో ఓసారి నిమిరి పక్కకు జరిపిందంటే కొనదు. "మా ఆడపడుచుని తీసుకొచ్చి చూపిస్తానండీ" అందంటే ఆడపడుచూ రాదు, ఆవిడా రాదు. ముత్యాలరావు కూడా అంతే నిజాయితీగా "అలాగేనండీ, ఈ చీర మీకోసం పక్కన పెట్టి ఉంచుతాను" అనేవాడు. పెట్టేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ సంతోషంగా సెలవు తీసుకునేవారు. ఆర్నెల్ల తర్వాత ఆవిడే ఇంకో పెళ్ళికని వచ్చి నాలుగు చీరలు పట్టుకెళ్ళేది.

ఈ ఏర్పాటు అందరికీ బాగానే ఉంది. అందువల్ల పై అధికారుల దృష్టికి వచ్చింది.

ఆ ఏడాది చేనేత మహాసంఘం ఎండీ గారు మూడు వారాల శిక్షణ కోసం ఓ చలిదేశం వెళ్ళొచ్చారు. అక్కడ బట్టల కొట్లో కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, కొట్టువాడు "ఇందులో మీ పొట్ట మరీ కనిపిస్తోంది, తీసేయండి" అన్నాడట. ఎండీ గారు తీసేశారు. కోటు కొనలేదు గానీ ఆ మాటను మాత్రం భద్రంగా విమానమెక్కించి ఇంటికి తెచ్చుకున్నారు. వచ్చిన నెలలోపే తొంభై పేజీల నివేదిక తయారైంది. ప్రపంచంలోని సమాజాలు రెండు రకాలనీ, సూటిగా మాట్లాడేవి కొన్నీ, చుట్టూ తిప్పి మాట్లాడేవి కొన్నీ అనీ, మొదటివాటిలో సరుకు అమ్ముడవుతుందనీ, రెండోవాటిలో మజ్జిగ ఖర్చవుతుందనీ అందులో తేల్చారు. చివర ఒక పటం కూడా వేశారు. ఎడమ కొసన చలిదేశం, కుడి కొసన మన రాష్ట్రం ఉన్నాయి. కోనసీమకు ఆ పేజీలో చోటు చాలక వెనక పేజీలో చుక్క పెట్టారు.

పథకానికి అమలాపురం శాఖను ఎంపిక చేయడానికి ఆ చుక్కే కారణం. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది.

"పై విషయమై క్షేత్రస్థాయి సిబ్బంది యావన్మందికీ తెలియజేయడమేమనగా, అమ్మకముల క్షీణతకు మూలకారణం సిబ్బందిలోనూ, వినియోగదారులలోనూ పాతుకుపోయిన మొహమాటమని నిర్ధారణ అయినది. కావున వచ్చే నెల ఒకటవ తేదీ నుండి అమలాపురం శాఖ మొహమాట రహిత మండలంగా ప్రకటించడమైనది. మూడు నెలలలో శాఖ యొక్క నిష్కాపట్య సూచిక డెబ్బైకి చేరని పక్షంలో శాఖను మూసివేసి, సిబ్బందిని గోదాములలో సర్దుబాటు చేయడం జరుగును."

సర్క్యులర్ వెంటే దాన్ని అమలు చేయించడానికి పరాంకుశం గారు వచ్చారు. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, ఒళ్ళో రిజిస్టరు పెట్టుకుని సిబ్బందికి అవగాహన కల్పించారు. ఇకమీదట కొనుగోలుదారులను అక్కయ్యగారూ, పిన్నిగారూ అనరాదు. ఇంట్లోవాళ్ళ క్షేమం అడగరాదు. మజ్జిగ ఇవ్వరాదు. కొనకుండా వెళ్ళేవారు అమ్మకందారు ఎదుటనే ఏడో నంబరు పత్రంలో కారణం సూటిగా రాసి సంతకం పెట్టాలి. అనుబంధం మూడులో నిషిద్ధ వాక్యాల, చేష్టల పట్టిక ఉంది. "మళ్ళీ వస్తాం", "ఇంట్లో అడిగి చెప్తాం", "బజారంతా ఓ చుట్టు చుట్టి వస్తాం" లాంటివి మొత్తం పద్నాలుగు.

"అంటే సార్, నచ్చలేదని వాళ్ళ చేతే రాయించుకోవాలాండీ?" అన్నాడు ముత్యాలరావు.

"రాయించుకోవడం అనకండి. వారి అంతరంగాన్ని లిఖితపూర్వకంగా స్వీకరిస్తున్నాం."

"చీర విప్పి చూపించిన మనిషి ఎదురుగుండానేనాండీ?"

"ఎదురుగానే. లేకపోతే సూటిదనం ఎక్కడుంటుంది ముత్యాలరావు గారూ?"

ముత్యాలరావుకు గోదాము అంటే భయం. అక్కడ పని ఎక్కువని కాదు. అక్కడ వేల చీరలుంటాయి గానీ వాటి ముందు ఒక్క మొహం కూడా ఉండదు. తన విద్యంతా అక్కడ ఎలుకల మీద చూపించుకోవాలి. అందుకని బుద్ధిగా తలూపాడు.

ఒకటో తారీఖున కొట్టు మీద పాత బోర్డు దిగిపోయింది. "మీ ఇంటి శుభకార్యానికి మా ఇంటి నేత" అని ఇరవై ఏళ్ళుగా ఉన్న బోర్డది. కొత్త బోర్డు మీద "మా చీరలు అందరికీ నప్పవు. మీకు నప్పుతాయో లేదో లోపలికి వచ్చి తెలుసుకోండి" అని రాసి ఉంది. ఊరివాళ్ళు రోడ్డు మీద ఆగి రెండుసార్లు చదువుకున్నారు. "ఇది మనల్ని అనడమేనంటారాండీ?" అని ఒకరినొకరు అడిగారు.

ఆ రోజు తొలి బేరం ముమ్మిడివరం నుంచి వచ్చిన తోడికోడళ్ళిద్దరు. పాతిక చీరలు విప్పించారు. పెద్దావిడ చివరి చీరను అరచేత్తో నిమిరి పక్కకు జరిపింది. ముత్యాలరావు ఆ చెయ్యి చూసి లోపల నిట్టూర్చాడు.

"చాలా బాగున్నాయండీ. మళ్ళీ..." అంటూ ఆవిడ లేవబోయింది.

పరాంకుశం గారు గుమ్మం దగ్గర గట్టిగా దగ్గారు. ముత్యాలరావు ఏడో నంబరు పత్రం ఆవిడ చేతికిచ్చి, ఎక్కడ ఏం రాయాలో తల దించుకుని చెప్పాడు. ఆవిడ పత్రం వైపు చూసింది. కుప్పపడ్డ చీరల వైపు చూసింది. ముత్యాలరావు నుదుటి మీద చెమట చూసింది.

"అయ్యో, అదేంటండీ! ఇంతసేపు నడుము వంచి ఇన్ని చీరలు చూపించారు. మీ మొహం మీదే నచ్చలేదని రాసివ్వమంటారా? పెళ్ళికెళ్ళినోళ్ళు పప్పులో ఉప్పు తక్కువైందని సంతకం పెట్టి వస్తారాండీ ఎక్కడైనా?"

"రూలండీ."

"మీ రూలు పాడుగానూ. ఆ నీలందొకటి కట్టెయ్యండి."

చిన్నావిడ కూడా పత్రం రాయలేక ఇంకోటి కట్టించుకుంది. సాయంత్రం దాకా ఇదే వరస. లోపలికొచ్చినవాళ్ళందరూ నచ్చలేదని రాయడానికి నోరూ చెయ్యీ రాక, నచ్చని చీర కొనుక్కుని వెళ్ళిపోయారు. పక్షం రోజుల్లో అమ్మకాలు రెట్టింపయ్యాయి. ముత్యాలరావు గుండె కుదుటపడింది, గోదాము తప్పినట్టేననుకున్నాడు.

మర్నాడే ప్రధాన కార్యాలయం నుంచి మెమో వచ్చింది.

"అమ్మకాలు పెరిగాయి కదండీ!" అన్నాడు ముత్యాలరావు, మెమో చదివి బిక్కమొహంతో.

"అదే ఆందోళన కలిగిస్తోంది," అన్నారు పరాంకుశం గారు. "నిష్కాపట్య సూచికను ఏడో నంబరు పత్రాల సంఖ్యను బట్టి లెక్కిస్తారు. మన శాఖ నుంచి పదిహేను రోజుల్లో ఒక్క 'నచ్చలేదు' వెళ్ళలేదు. అంటే మీరు వినియోగదారుల అంతరంగాన్ని తొక్కిపెడుతున్నారన్న మాట. రోజుకు పది తిరస్కారాలు తప్పనిసరి."

"అందరూ కొనుక్కుంటుంటే తిరస్కారాలు ఎక్కణ్ణుంచి తేనండీ?"

"అమ్మకాలు వస్తాయి, పోతాయి ముత్యాలరావు గారూ. సూచిక సంస్థతో పాటు శాశ్వతంగా ఉంటుంది."

అప్పటికి ఊరికి విషయం అర్థమైంది. ఆ కొట్లోకి అడుగు పెడితే చీరైనా కొనాలి, వాంగ్మూలమైనా ఇవ్వాలి అని బస్టాండు దాకా పాకిపోయింది. జనం కొట్టు దగ్గరకు రాగానే రోడ్డు దాటి అవతలి పక్క నడిచేవారు. ముత్యాలరావుకు ఎదురుపడాల్సి వస్తుందని కొందరు ఆ బజారే మానేశారు. పాపం, వాళ్ళకు అతనంటే కోపం లేదు. కనిపిస్తే పలకరించాలి, పలకరిస్తే లోపలికి రావాలి, అదీ వాళ్ళ భయం.

చేసేది లేక ముత్యాలరావు తన భార్య సూర్యావతిని రమ్మన్నాడు. ఆవిడ మధ్యాహ్నం భోజనాలయ్యాక తీరిగ్గా వచ్చి, కూర్చున్న చోటు నుంచి కదలకుండా పది పత్రాలు నింపింది. ఒకదానిలో అంచు నచ్చలేదు. ఒకదానిలో రంగు వెలిసినట్టుంది. మరోదానిలో చీర బాగానే ఉంది, చూపించే ఆయన మొహమే ముడుచుకుని ఉంది. పరాంకుశం గారు ఒక్కొక్కటీ చదువుతూ మురిసిపోయారు.

"ఇంతటి ఆదర్శ వినియోగదారు మీకెక్కడ దొరికారండీ?"

"ఇంట్లోనేనండీ," అన్నాడు ముత్యాలరావు.

కుటుంబ సభ్యుల తిరస్కారాలు చెల్లవని మర్నాడు ఇంకో మెమో వచ్చింది.

ఆ వారంలోనే హైమవతి టీచరు వచ్చారు. ఆ ఊళ్ళో సగం మంది ఆడపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు ఉండాల్సిందే. ఏడాదికోసారి ఉగాది ముందు వచ్చి ఒక చీర తీసుకుంటారు. వచ్చిన ప్రతిసారీ ఆవపువ్వు రంగు చీర అడుగుతారు. ముత్యాలరావు అది తీసి పరుస్తాడు. దాని పక్కనే ఏదో చెయ్యి తగిలి జారినట్టుగా నేరేడుపండు రంగుదో, చిలకాకుపచ్చదో ఒకటి పడేస్తాడు. నాలుగు కబుర్లు అయ్యేసరికి టీచరుగారి చెయ్యి దానంతటదే ఆ రెండో చీర అంచు మీదకు వెళ్తుంది. పందొమ్మిదేళ్ళుగా అలాగే జరుగుతోంది. ఆవపువ్వు రంగు తనకు నప్పదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, ఆవిడ ఒక్కసారి కూడా అది కట్టుకోలేదు.

"ఏవోయ్ ముత్యాలరావూ, ఊళ్ళో ఏదేదో అనుకుంటున్నారు. నేను పట్టించుకోలేదులే," అంటూ గొడుగు కుర్చీకి ఆనించి కూర్చున్నారు. "ఈసారైనా ఆవపువ్వు రంగు చూపిస్తావా?"

ముత్యాలరావు చీర పరిచాడు. అలవాటు కొద్దీ చెయ్యి నేరేడు రంగు చీర మీదకు వెళ్ళింది.

"ముత్యాలరావు గారూ," అన్నారు పరాంకుశం గారు కుర్చీలోంచి. "దృష్టి మళ్ళించుట. తొమ్మిదో అంశం. సూటిగా చెప్పండి. ఈ రోజు ఇంకా ఒక్క తిరస్కారం కూడా నమోదు కాలేదు."

చెయ్యి ఆగిపోయింది. గోదాము కళ్ళ ముందు కనిపించింది. ముత్యాలరావు చీర వైపే చూస్తూ, "ఆ రంగు మీకు నప్పదండీ," అన్నాడు.

టీచరుగారు చీర మీంచి చెయ్యి తీసేశారు.

"ఎప్పట్నుంచీ?"

"మొదట్నుంచీనండీ."

"అంటే పందొమ్మిదేళ్ళుగా నీకు తెలుసు."

"ఆయ్."

టీచరుగారు అడగకుండానే ఏడో నంబరు పత్రం అందుకుని, నల్లబల్ల మీద రాసినంత గుండ్రటి అక్షరాలతో "నచ్చలేదు" అని రాశారు. ఒక క్షణం ఆగి దాని కింద "చీర సంగతి కాదు" అని రాసి సంతకం పెట్టారు. గొడుగు తీసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

పరాంకుశం గారు పత్రాన్ని వెలుతురుకు పట్టుకుని చూశారు. "మొదటి వాక్యం అద్భుతంగా ఉంది. రెండో దానికే మన దగ్గర గడి లేదు," అన్నారు.

ముత్యాలరావు ఆ చీర మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై నాలుగేళ్ళలో ఎన్ని లక్షల మడతలు పెట్టాడో, ఆ రోజు ఒక్క మడత కుదరలేదు. ఏడుపొచ్చింది. ఏడవడానికి లోపలి గదిలోకి వెళ్ళాడు.

మూడో నెల చివర్లో పథకాన్ని స్వయంగా సమీక్షించడానికి ఎండీ గారు సతీసమేతంగా వచ్చారు. సూచిక ఆరు దగ్గర ఉంది. ఎండీ గారు కొట్టు మధ్యలో నిలబడి సూటిదనం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఈలోగా వారి శ్రీమతి గారు అలమర్లోంచి తనకు నచ్చిన చీర తీయించుకుని, భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడ్డారు. ఆవపువ్వు రంగు చీర, టీచరుగారు వదిలేసిపోయిందే.

"ఏవండీ, ఎలా ఉందంటారు?"

ఎండీ గారు ప్రసంగం ఆపి చూశారు. చూసిన వెంటనే చూపు పైకెత్తి ఫ్యాను వైపు చూశారు.

"నేత చాలా బాగుంది."

"నేత సంగతి కాదు. నాకు ఎలా ఉంది?"

పరాంకుశం గారు రిజిస్టరు తెరిచి వినయంగా పక్కకు వచ్చి, "సార్, అడిగినదానికి కాక వేరొకదానికి సమాధానమిచ్చుట పదకొండో అంశం," అని గుర్తుచేశారు.

"ఇంటికెళ్ళాక తీరిగ్గా చూద్దాం," అన్నారు ఎండీ గారు.

"రెండో అంశం సార్."

"చెప్పండి మరి," అన్నారు శ్రీమతి గారు. "మొహమాటం వద్దని ఊరంతా బోర్డులు పెట్టించారుగా. కోటు కొట్టువాడి సంగతి మన చుట్టాలందరికీ ఎన్నిసార్లు చెప్పారు! నాకూ అలాగే చెప్పండి."

పరాంకుశం గారి కలం కాగితం మీద సిద్ధంగా ఉంది. ఎండీ గారి మొహం మెల్లగా తిరిగి ముత్యాలరావు మీద ఆగింది. ముత్యాలరావు ఇరవై నాలుగేళ్ళుగా మొహాలు చదువుతున్నాడు. ఇంత తేలిగ్గా చదవగలిగిన మొహం అతనికి ఎప్పుడూ తగల్లేదు. తన కొట్టు మూసేయడానికి వచ్చిన మనిషి. కాసేపు ఊరుకుంటే చాలు, చూడ్డానికి సరదాగా కూడా ఉంటుంది. కానీ ఎదుటి మనిషి అలా చెమటలు కక్కుతుంటే చూస్తూ నిలబడటం అతనికి చేతకాదు.

"అమ్మా, ఎండన పడి వచ్చారు, ముందు కూర్చోండమ్మా," అన్నాడు. "మజ్జిగ తెప్పిస్తాను. ఆ చీర అలా భుజం మీదే ఉండనివ్వండి. ఇది మీకోసం కాదులెండి, పక్కన ముదురు రంగు ఉంటే దాని అందం తేలుతుందని ఊరికే పరుస్తున్నాను." నేరేడుపండు రంగు చీర జలజలా జారింది. "పిల్లలు ఏం చదువుతున్నారమ్మా?"

కబుర్లు పెద్దమ్మాయి ఇంజనీరింగు రెండో సంవత్సరం దాకా వచ్చేసరికి శ్రీమతి గారి రెండు వేళ్ళూ నేరేడు రంగు అంచును నలుపుతున్నాయి. ఆవపువ్వు రంగు చీర ఎప్పుడు భుజం దిగిందో ఎవరూ చూడలేదు. "ఇదే బాగుంది కదండీ?" అని ఆవిడ అడిగితే, ఎండీ గారు మూడు నెలల్లో మొదటిసారి మనస్ఫూర్తిగా, సూటిగా "చాలా బాగుంది" అన్నారు.

పరాంకుశం గారు అప్పటికి ముత్యాలరావు మీద ఆరూ, ఎండీ గారి మీద రెండూ ఉల్లంఘనలు రాసుకున్నారు. "ఆ పుస్తకం ఇలా ఇవ్వండి," అని ఎండీ గారు రిజిస్టరు చంకలో పెట్టుకుని కారెక్కారు.

శాఖ మూతపడలేదు. పథకాన్ని ఎత్తేస్తారని ముత్యాలరావు ఆశపడ్డాడు గానీ, మహాసంఘంలో పథకాలను ఎత్తేసే ఆచారం లేదు, విస్తరిస్తారు. నెల తిరక్కుండా ఇంకో సర్క్యులర్ వచ్చింది. మొహమాటం మన జాతి సంపద అనీ, విదేశీ పద్ధతుల దాడి నుండి దానిని పరిరక్షించుకొనవలసి ఉన్నదనీ, అమలాపురం శాఖను మొహమాట పునరుద్ధరణ కేంద్రంగా ప్రకటించడమైనదనీ అందులో ఉంది. ప్రతి వినియోగదారునికీ మజ్జిగ విధిగా ఇవ్వాలి. కనీసం ముగ్గురు బంధువుల క్షేమం అడిగి పేర్లు నమోదు చేయాలి. వెళ్ళేటప్పుడు "మళ్ళీ వస్తాం" అనిపించుకుని ఎనిమిదో నంబరు పత్రంలో సంతకం తీసుకోవాలి. నెలకు మూడు వందల "మళ్ళీ వస్తాం"లు లక్ష్యం. పరాంకుశం గారు అదే కుర్చీలో, కొత్త రిజిస్టరుతో కూర్చున్నారు.

ఆ ఆదివారం ముత్యాలరావు హైమవతి టీచరుగారింటికి వెళ్ళాడు. క్షమించమని అడగాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. వెళ్ళి అరుగు మీద కూర్చున్నాక ఒక్కటీ బయటికి రాలేదు.

"ఎండలు ముదిరిపోయాయండీ," అన్నాడు.

"అవును, ఈసారి మరీ ఎక్కువ," అన్నారు టీచరుగారు.

"మీ మామిడిచెట్టు కాపు బాగుందండీ."

"ఏదో, ఉన్నాయి నాలుగు కాయలు."

కాఫీ తాగాడు. చెట్టు గురించి ఇంకాసేపు మాట్లాడుకున్నారు. చీర మాట ఇద్దరూ ఎత్తలేదు. లేచి వస్తుంటే ఆవిడ లోపలికి వెళ్ళి సంచీలో ఓ పది కాయలు వేసి తెచ్చిచ్చారు. "మీ ఆవిడకివ్వు, పప్పులోకి బాగుంటాయి." సందు మలుపు తిరిగాక ముత్యాలరావు సంచీ దించి కళ్ళు తుడుచుకున్నాడు.

మంగళవారం మిట్టమధ్యాహ్నం టీచరుగారు గొడుగేసుకుని కొట్టుకు వచ్చారు. ఎప్పటిలాగే గొడుగు కుర్చీకి ఆనించి, "ఆవపువ్వు రంగుది ఉందా, అమ్మేశావా?" అన్నారు.

ముత్యాలరావు అది తీసి పరిచాడు. పక్కన పడేయడానికి ఇంకో చీర వైపు చెయ్యి చాపితే, ఆవిడ నవ్వారు. "వద్దులే. ఈసారి ఇదే కట్టు. నప్పదని తెలిసే కట్టుకుంటాను. పందొమ్మిదేళ్ళ సరదా మరి."

అతను చీర కట్టిచ్చాడు. ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్ళేసరికి పరాంకుశం గారు ఎనిమిదో నంబరు పత్రంతో అడ్డంగా నిలబడ్డారు.

"అమ్మా, దయచేసి 'మళ్ళీ వస్తాను' అని చెప్పి ఇక్కడ సంతకం చేయండి. ఈ నెల లక్ష్యానికి ఇంకా నూట ఎనభై తక్కువున్నాయి."

టీచరుగారు కళ్ళజోడు సర్దుకుని ఆయన్ని తేరిపార చూశారు. "చెప్పను నాయనా. అడిగి చెప్పించుకుంటే అది పాఠం ఒప్పజెప్పడం అవుతుంది. ముప్పై ఏళ్ళు ఆ పని చేయించాను, నాకు తెలుసు," అన్నారు. చీర పొట్లం నెత్తికి అడ్డం పెట్టుకుని ఎండలోకి దిగి వెళ్ళిపోయారు.

"తిరిగి రావడానికి నిరాకరణ," అని పరాంకుశం గారు పైకి చదువుతూ రిజిస్టరులో రాసుకున్నారు.

అప్పుడు ముత్యాలరావు కుర్చీ వైపు చూశాడు. నల్ల గొడుగు అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో సుద్దముక్క కూడా ఎక్కడా మరిచిపోలేదని పేరున్న మనిషి ఆవిడ. గొడుగు పట్టుకుని పరుగున గుమ్మం దాకా వెళ్ళాడు. ఆవిడ ఇంకా బజారు మలుపు తిరగలేదు, పిలిస్తే వినపడేంత దూరంలోనే నెమ్మదిగా నడుస్తున్నారు.

పిలవలేదు. వెనక్కి వచ్చి, గొడుగు దుమ్ము దులిపి, తన బల్ల వెనక మేకుకు తగిలించాడు.

"అదేమిటండీ? అదెక్కడ నమోదు చేయాలి?" అన్నారు పరాంకుశం గారు.

"దానికి గడి లేదండీ," అని ముత్యాలరావు చీరలు మడతపెట్టుకోసాగాడు.